దూరమేనాండీ?

మార్కండేయులు చేతిలో తాడు వదిలాడు. రాయి కట్టిన కొస కిందికి దిగి, ఎర్రచారల ఇనుపగొట్టం పైకి లేచింది. వ్యాను వెళ్ళిపోగానే మళ్ళీ తాడు లాగి కొక్కేనికి ముడివేశాడు. తాడు ఒరుసుకుని ఒరుసుకుని ఆయన అరచేయి కాయకట్టి నున్నబడింది. పొద్దుటినుంచీ ఛాతీలో ఏదో పట్టేసినట్టుంది. నేరమంతా రాత్రి తిన్న పునుగుల మీదికి నెట్టేసి, ఇంత వాము నోట్లో వేసుకున్నాడు.

కార్తీకమాసం, అందులోనూ ఆదివారం. మారేడుమిల్లి దాటాక అడవి చిక్కబడే చోట ఉంది ఆ చెక్‌పోస్టు. జలపాతమనీ, వనభోజనాలనీ గోదావరి జిల్లాలు రెండూ ఇటే కదిలొస్తాయి. బళ్ళలో సీసాలూ ప్లాస్టిక్ సంచులూ ఉన్నాయేమో చూడటం, ఎక్కడికి వెళ్తున్నారో అడగటం, గొట్టం ఎత్తటం ఆయన ఉద్యోగం. ఇందులో రెండో పని మాత్రం ఆయన ఏనాడూ పై అధికారులు చెప్పినట్టు చెయ్యలేదు.

తెల్లకారొకటి వచ్చి ఆగింది. నడుపుతున్న కుర్రాడు అద్దం దించాడు. పక్కన కూర్చున్న అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా వెలిసిపోలేదు.

"ఆయ్, దూరమేనాండీ?" అన్నాడు మార్కండేయులు.

"దూరమేముందండీ? ఫోన్లో ఆరు కిలోమీటర్లే చూపిస్తోంది."

అమ్మాయి పకపకా నవ్వింది. "ఎక్కడికెళ్తున్నారని అడుగుతున్నారు శ్రీకాంత్. బయల్దేరినవాళ్ళని ఎక్కడికని అడగకూడదు కదా, అందుకని. మా నాన్నమ్మా ఇలాగే అనేది. ఎవరైనా నోరుజారి అనేస్తే, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి అప్పుడు కదలాలి."

మార్కండేయులు ముఖం విప్పారింది. "ఏ ఊరమ్మా మనది?"

"పాలకొల్లండి. నా పేరు మంజుష."

"మాది అంబాజీపేట దగ్గరమ్మా. గోదారి దాటితే మీరే. జలపాతం దగ్గర తాడు కట్టుంటుంది, అది దాటి దిగకండేం. రాళ్ళు పాచిపట్టున్నాయి. వెళ్ళి రండి."

రేంజరుగారు ఒకటికి రెండుసార్లు మందలించారు, ఇది ఆఫీసయ్యా, మీ వీధరుగు కాదని. "అలాగేనండి" అని బుద్ధిగా తలూపి, ఆయనెదుటే వచ్చిన తర్వాతి బండిని దూరమేనా అని అడిగాడు. ఇంకే విషయంలోనూ మొండివాడు కాడు. సరదాగా నాలుగు గంటలు గడుపుదామని ఇల్లు కదిలినవాళ్ళని ఎక్కడికని నిలదీయడానికి ఆయనకి నోరు రాదు, అంతే.

అడవికి రాకముందు అమలాపురంలో ఒక సినిమాహాలు వాకిట్లో నిలబడి టిక్కెట్లు చింపేవాడు. ఆ హాలు కాస్తా కల్యాణమండపమయ్యాక, ఎవరినో పట్టుకుని ఈ అవుట్‌సోర్సింగు ఉద్యోగంలో పడ్డాడు. అక్కడా గేటే, ఇక్కడా గేటే. అక్కడ జనం కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చేవారు, ఇక్కడ జుట్టు తుడుచుకుంటూ వస్తారు. లోపల ఏముందో వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకోవడమే తప్ప తను వెళ్ళింది లేదు. అందుకు ఆయనకేం బెంగ లేదు. ఉన్నదల్లా భార్య నాగేశ్వరికి.

"హాల్లో ఉన్నన్నాళ్ళూ పక్కన కూర్చుని ఒక్క సినిమా చూసిన పాపాన పోలేదు. ఆ జలపాతమైనా చూపిస్తారా, అదీ లేదా?" అని ఏటా కార్తీకంలో అడుగుతుంది. ఏటా కార్తీకంలోనే బళ్ళు ఎక్కువ. ఈసారి మాత్రం మాటిచ్చేశాడు. రెండో షిఫ్టు వెంకన్న పెందలాడే వస్తానన్నాడు. మధ్యాహ్నం చింతూరు బస్సులో ఇద్దరూ వెళ్ళాలి.

పన్నెండు దాటుతుండగా నాగేశ్వరి ఆటో దిగింది. పెళ్ళిళ్ళకి తప్ప పెట్టెలోంచి తియ్యని ఉప్పాడ చీర కట్టుకుంది. చేతిసంచిలో పులిహోర డబ్బా, తువ్వాలు, ఇద్దరికీ మారుబట్టలు.

"బట్టలెందుకే?"

"నీళ్ళలో దిగొద్దా మరి? తాడు దాటంలెండి. తాడుకి ఇవతల ఉండటం మీకెవరూ నేర్పక్కర్లేదుగా!"

ఆయన నవ్వబోయి, ఛాతీ పట్టేస్తే ఆగాడు. నాగేశ్వరి చూసింది. "ఏంటండీ ఆ చెమటలు? పోనీ ఇంటికెళ్ళిపోదామా?"

"ఎండే. నా పేరేంటి? మార్కండేయులు. యముడొచ్చినా గేటు దగ్గరే ఆపి, దూరమేనాండీ అని అడిగి వెనక్కి పంపేస్తాను."

ఆ చీర చూశాక ఇంటికి వెళ్దామని ఆయన ఎలా అనగలడు?

వెంకన్న ఆలస్యంగా వచ్చాడు, టైరు పంచరయిందంటూ. మార్కండేయులు తాడు అతని చేతికిచ్చి, రోడ్డు వైపు కాక షెడ్డు వెనక్కి నడిచాడు. ఈయన మళ్ళీ ఏ పని పెట్టుకుంటాడో, బస్సు ఎక్కడ పోతుందోనని నాగేశ్వరికి ప్రాణం ఉసూరుమంది.

"మళ్ళీ ఎక్కడికండీ?"

అనేశాక నాలుక కరుచుకుంది. ఆయన వెనక్కి తిరిగాడు. కోపం లేదు.

"దువ్వెన తెచ్చుకుందామని. అడిగేశావా! ఇన్నేళ్ళకి నన్నడిగినదానివి నువ్వేనే. సర్లే, కూర్చుంటానుండు. నీళ్ళియ్యి."

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రెండు గుక్కలు తాగాడు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "బస్సొస్తే చెప్పు" అన్నాడు.

బస్సొచ్చింది. కండక్టరు రమ్మని కేకేశాడు. నాగేశ్వరి సంచి భుజాన వేసుకుని, "లేవండి" అంటూ ఆయన్ని తట్టింది. తల పక్కకి వాలిపోయింది. ఆయన చెయ్యి పట్టుకోగానే ఆమెకి తెలిసిపోయింది. తెలిసినా లేపుతూనే ఉంది.

వెంకన్న కేకలకి బస్సులో జనం దిగొచ్చారు. అప్పుడే అడవిలోంచి తిరిగొస్తున్న తెల్లకారు గేటు దగ్గర ఆగింది. తడిజుట్టుతోనే శ్రీకాంత్, మంజుష దిగి పరుగెత్తుకొచ్చారు. అందరూ కలిసి ఆయన్ని వెనకసీట్లో, నాగేశ్వరి ఒళ్ళో తల ఉంచి పడుకోబెట్టారు. వెంకన్న తాడు వదిలాడు.

కారు మారేడుమిల్లి ఆసుపత్రి దారి పట్టింది. నాగేశ్వరి వేళ్ళతో ఆయన జుట్టు దువ్వుతోంది. కూర్చున్నారు కదా, నీళ్ళూ తాగారు కదా, అన్నీ పద్ధతిగానే చేశారు కదా అని ఆమె మనసు కొట్టుకుపోతోంది. కాసేపటికి ఆయన చెవి దగ్గరికి వంగింది.

"దూరమేనాండీ?"

"లేదండీ, ఇంకో పది నిమిషాలు. వచ్చేశాం" అన్నాడు శ్రీకాంత్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

మంజుష అతని భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి ఆమె ఏమీ విడమర్చి చెప్పలేదు.

చెక్‌పోస్టు పిట్టగోడ మీద స్టీలుగ్లాసు అలాగే ఉంది. అందులో ఇంకా సగం నీళ్ళున్నాయి.