అంపైర్ బిడ్డ

పటేల్‌గూడ ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ లీగ్‌కు సాయిలే అంపైర్. బొల్లారంలో మందుల కంపెనీ గేటు దగ్గర సొంత బామ్మర్ది సంచి కూడా విప్పించి చూసే వాచ్‌మన్ అతను. అలాంటివాడికి పక్షపాతం ఉండదని బస్తీవాళ్లు ఏరికోరి పెట్టుకున్నారు.

ఫైనల్లో గెలుపు పరుగు కోసం అతని కూతురు మహిత మూడో బేస్ నుంచి ఉరికి, దుమ్ములో జారుతూ వచ్చి హోమ్ ప్లేటును తాకింది. బంతి ఆ తర్వాతే వచ్చింది, అంటే ఆమె సేఫ్, పరుగు వచ్చినట్టే. సాయిలు కళ్లారా చూశాడు. కానీ అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. సొంత బిడ్డను గెలిపించుకున్నాడంటారని భయపడి, పిడికిలి పైకెత్తి "అవుట్" అన్నాడు.

చప్పట్లు మోగాయి. "గిట్లుండాలె మనిషంటే!" అన్నారెవరో. ఆ మాటకు సాయిలు ఛాతీ పొంగింది కూడా.

ఇంటిదారిలో, గీరుకుపోయిన మోకాలి మీది మట్టి దులుపుకుంటూ మహిత అడిగింది: "నేను పరాయోళ్ల బిడ్డనైతే ఏమంటుంటివి, నాయినా?"

సాయిలు నడక వేగం పెంచాడు.

ఆమె మళ్లీ మైదానానికి రాలేదు. ఇప్పుడు ఏ పిల్ల జారుతూ వచ్చినా, బంతి ముందే వచ్చినా, సాయిలు చేతులు చాచి "సేఫ్" అనేస్తున్నాడు. పాపం సాయిలన్నకు చూపు మందగించిందని బస్తీలో అనుకుంటున్నారు. ఆ ఫైనల్ రోజు మాత్రం అతనికి అంతా సరిగ్గానే కనబడిందని వాళ్ల నమ్మకం.