వెనక స్టూలు

గాలానికి తగిలిన చేప మళ్ళీ జారిపోయింది. మిషనమ్మ దారం పైకెత్తి చూసుకుంది. ముల్లుకి వానపాము సగం అలాగే వేలాడుతోంది. ఎర తినేసి పోతే అదో తీరు. తగులుకుని, కర్ర వంచి, ఒడ్డు దాకా వచ్చి మరీ వదిలించుకుపోవడం ఆమెకి అంతుపట్టలేదు. చేతికందింది నోటికందకపోవడమంటే ఇదే కాబోలు.

సామాను సర్దుకుని, కూర్చున్న స్టూలొకటీ, వెనక వేసిన స్టూలొకటీ మడిచి చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ మేడమీద గదిలో బట్టలు కుట్టేవారు. చెల్లెలు మిషను తొక్కేది. అక్క కాజాలు తీసి, గుండీలు కుట్టేది. వీధివాళ్ళ నోట్లో అసలు పేర్లు అరిగిపోయి మిషనమ్మ, కాజాలమ్మ మిగిలారు. ఎండలు ముదరకముందే కాజాలమ్మ పోయింది. ఇప్పుడు కాజాలు కూడా మిషనమ్మే తీసుకుంటోంది. రెండో కంచం మాత్రం బోర్లించింది బోర్లించినట్టే ఉంది.

కింది వాటాలో కరెంటు పని చేసే కుర్రాడూ అతని భార్యా ఉంటారు. అక్క పోయిన కొత్తలో వాళ్ళే అన్నం పంపారు. ఆ గిన్నెలు తిరిగిస్తూ, ఒట్టి చేతులతో నిలబడలేక మిషనమ్మ అనేసింది, "ఈసారి చేప పడగానే మీరిద్దరూ మా ఇంట్లోనే భోంచెయ్యాలి" అని. అన్నాక అదొక ఆశగా పట్టుకుంది. ఆ గదిలో ఇంకో మనిషి అన్నం తింటుండగా చూడాలని. ఊరికే రమ్మని పిలవడం ఆమెకి చేతకాదు. ఇంట్లో పిలుపులన్నీ అక్కే పిలిచేది. చేప పడితే పిలవడానికి ఒక వంక. బజార్లో కొనొచ్చు గానీ, "మీరు పట్టిందేనా?" అని ఆ అమ్మాయి అడిగితే మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

మెట్ల దగ్గర కరెంటు కుర్రాడు ఎదురయ్యాడు.

"ఏం పిన్నిగారూ, మా ఆవిడ మీ చేప కోసం ఆకలి దాచుకుంటోంది."

"వచ్చే ఆదివారం."

"ఏ సంవత్సరంలో వచ్చే ఆదివారం?"

మిషనమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. అతనది కనిపెట్టినట్టున్నాడు. "ఈసారి నేనూ వస్తాను. ఎక్కడ లీకవుతోందో చూద్దాం," అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. కాలువ ఒడ్డున సిమెంటు మెట్ల మీద గొంతుక్కూర్చుని, తీగల్లో లోపం వెతికినట్టు గాలాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమాడు.

"ముల్లు మొద్దుబారిందేమో."

"నిన్ననే సానపెట్టాను. గోటి మీద ఆనించి చూడు, జారదు."

"పోనీ ముడి?"

"ముడి గురించి నాకు చెప్తావా? ఉమ్మితో తడిపి మరీ బిగించాను. పొడిగా బిగిస్తే దారం రాపిడికి కాలి తెగుతుంది."

"అయితే మరీ గట్టిగా లాగుతున్నారు. మూతి చిరిగిపోతుంది."

"చీకిన బట్టలకి అతుకులేసే చెయ్యి నాది. ఎంత లాగాలో తెలీదా?"

"ఇంకేం, చేపలకే మీరంటే పడదన్నమాట."

"ఆడలేక మద్దెల ఓడని నేననను. తప్పు నాలోనే ఉంది. అదేమిటో తెలీటంలేదు."

అతను లేచి, ఆమె వెనక ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చోబోయాడు.

"అక్కడ కాదు," అంది మిషనమ్మ.

అతను ప్యాంటు దులుపుకుంటున్నట్టు నటించి, మళ్ళీ మెట్టు మీదికే వెళ్ళాడు.

దారానికి కట్టిన బెండు ఒక్కసారి వణికి, నీళ్ళలో మునిగింది. మిషనమ్మ కర్ర ఎత్తింది. దారం బిగిసింది, కర్ర వంగింది, నీళ్ళలో తెల్లగా ఏదో మెరిసింది. ఆ మరుక్షణం దారం వదులైపోయింది.

"పిన్నిగారూ, మీరు వెనక్కి తిరిగారు."

"నేనా? లేదే."

"తిరిగారు. మెడతో భుజం, భుజంతో కర్ర. దారం అంత సడలితే చాలు, అది తల విదిలించి ముల్లు ఊసేస్తుంది."

"నేనెందుకు తిరుగుతాను?"

 అతను స్టూలు వంక చూడకుండా ఉండడానికి అవతలి ఒడ్డు చూశాడు.

కాజాలమ్మ ఎప్పుడూ నీళ్ళకి వీపుపెట్టి కూర్చునేది. ముల్లు గుచ్చుకున్న మూతిని చూడలేననేది, కూర మాత్రం రెండుసార్లు వడ్డించుకునేది. రోడ్డు మీద పోయేవాళ్ళ బట్టలకి వంకలు పెట్టడమే ఆమె పని. "ఆ సైకిలాయన చొక్కా చూడవే, ఒక భుజం పొలానికి, ఒక భుజం ఊళ్ళోకి. ఎవడు కుట్టాడో గానీ వాడి చెయ్యి చల్లగా ఉండ." ఆ మాటలు వెనక నుంచి ఆగకుండా వస్తుండేవి. మనిషి ఉన్నట్టు చెవికి తెలుస్తుంటే, కళ్ళకి పనేముంది? ఇప్పుడు చెవికి ఏమీ అందడం లేదు.

మిషనమ్మ మళ్ళీ ఎర గుచ్చింది. ఈసారి తిరగకూడదని దవడలు బిగించి కూర్చుంది. చేప తగలనే తగిలింది. మెడ మాట వినలేదు.

ఖాళీ ముల్లుకి ఇంకో వానపాము గుచ్చి నీళ్ళలోకి వదిలింది. ఆ తర్వాత, నీళ్ళకేసి చూస్తూనే అంది.

"ఆ స్టూలు మీద కూర్చో."

"పర్లేదు పిన్నిగారూ, నాకిక్కడ..."

"కూర్చోమన్నానా. రోడ్డు వైపు తిరిగి కూర్చో. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"ఏం కనిపిస్తే అది. ఆపకు."

స్టూలు కిర్రుమంది. ఆ కిర్రు అక్క కూర్చున్నప్పటి కిర్రు కాదు, బరువు వేరు. మిషనమ్మ కర్రని రెండు చేతులా పట్టుకుంది.

కుర్రాడు గొంతు సవరించుకున్నాడు. "ఏముంది, స్తంభం ఉంది. దాని మీద తీగలు చూడండి... అంటే చూడకండి. పిచ్చుక గూడు నయం. ఎవడు లాగాడో, ఆ మహానుభావుడి ఇంట్లో దీపం వెలుగుతోందో లేదో. అదిగో ఆ కొట్టువాడు బోర్డుకి పెట్టిన బల్బు చూస్తే..."

బెండు మునిగింది. మిషనమ్మ కర్ర ఎత్తింది. దారం బిగిసింది. వెనక బల్బు గురించి మాట నడుస్తూనే ఉంది. చేప ఎడమకి లాగితే ఎడమకి పోనిచ్చింది, నిలిస్తే దగ్గరికి తీసింది. దారం ఎక్కడా వదల్లేదు. మెట్టు దగ్గరికి రాగానే వలబుట్ట కిందికి దింపి ఎత్తింది. అరచేతికి మించిన చేప, బుట్టలో టపటపా కొట్టుకుంది.

"పడింది," అంది, వెనక్కి తిరక్కుండానే.

"ఎంతుందేమిటి?"

అక్క అడిగే మాటే. గొంతు వేరు.

మిషనమ్మ చేప నోట్లోంచి ముల్లు తీయడం మొదలుపెట్టింది. ముల్లు తేలిగ్గానే వచ్చేసింది. అయినా ఆమె ఇంకా తీస్తున్నట్టే తల వంచుకుని, కొంచెంసేపు ఉండిపోయింది. వెనక కుర్రాడు ఏమనుకున్నాడో, మళ్ళీ తీగల సంగతి ఎత్తుకున్నాడు.

చీర చెంగుతో మొహం తుడుచుకుని, అప్పుడు తిరిగింది.

"చాల్లే ఇంక, నోరు నొప్పెడుతుంది. మీ ఆవిడకి ఫోన్ చెయ్యి. అన్నం పొయ్యి మీద పెట్టొద్దని చెప్పు."