ఎడమ అంచు

గంగులయ్య సముద్రంలో పోయి తొమ్మిది రోజులు. శవం దొరకలేదు. ఆయన భార్య అంకాలమ్మ బోగోలులో పళ్లసెట్లు చేసే హెబ్రోను దుకాణానికి వచ్చి గుడ్డమూట విప్పింది. లోపల భర్త కింది పళ్లసెట్టు.

“చిగురు కోస్తా ఉందని గూట్లో పెట్టేసి ఏటకు పోయినాడు నాయనా. లోపల మెత్తది ఏయించమని నెల పోరినాడు. నేనే రేపూ మాపూ అన్నాను. మెత్తగా చేసియ్యి. రేపు దీన్నే సముద్రంలో కలపాల.”

వాళ్ల పల్లెలో శవం దొరకనివాడికి వాడిన వస్తువే శవం. పదోనాడు సముద్రం దాన్ని ఉంచుకుంటేనే మనిషి వెళ్లిపోయినట్టు.

గంగులయ్య చిగురు అచ్చు, సెట్టు చేసినప్పుడు సుద్దతో పోసింది, షెల్ఫులో ఉంది. హెబ్రోను దానిమీద రబ్బరులాంటి మెత్తపొర ఉడికించాడు. ఆ పొర వెచ్చగా ఉంటే రుద్దుడుకు లొంగదు, సాగుతుంది. చేపలపెట్టె ఐసులో పెట్టి, బిగుసుకున్నాక ఉప్పుకాగితం పట్టాలి. ఎడమ అంచు మిగిలి ఉండగా ఐసు కరిగిపోయింది.

‘చచ్చినవాడికి గుచ్చుకుంటుందా?’ అనుకున్నాడు. ఆ అంచు అలాగే వదిలేసి, బయటి పళ్లు తళతళలాడించి ఇచ్చేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం అంకాలమ్మ తడిచీరతో గుమ్మంలో నిలబడింది. చేతిలో అదే మూట.

“నా కొడుకులు మూడుసార్లు ఇసిరినారు. మూడుసార్లూ నా కాళ్లకాడికే వచ్చింది.”

“అలలు తోసుంటాయిలే పెద్దమ్మా.”

“బతికినన్నాళ్లూ నా కూరకు వంకపెట్టినాడు. ఇప్పుడు నీ పనికి పెడతా ఉండాడు. ఎడంపక్క గుచ్చుతా ఉందంట.”

హెబ్రోను మూట అందుకుని విప్పాడు. “ఎవరు చెప్పినారు?”

“పళ్లు ఎవరివో వాళ్లే. పొద్దుగూకితే పదోనాడు అయిపోద్ది. ఈలోపల దిద్దకుంటే ఆయన పోకుండా గుమ్మంలోనే ఉంటాడు. కానియ్యి!”

అచ్చు కోసం షెల్ఫు మీద చెయ్యి పెట్టాడు. సుద్ద తడిగా తగిలింది. ఎడమవైపు చిగురు మీద నిన్న లేని గీత, గోరంత. వేలు నాలుకకు ఆనించాడు. ఉప్పన.

గడ్డ ఐసు తెప్పించాడు. సెట్టును గంటసేపు పాతిపెట్టాడు. అంచును ముతక కాగితంతో, సన్నకాగితంతో, ఆఖరికి తడిగుడ్డమీద మెరుగుపొడితో రుద్దాడు. పొర వెచ్చబడితే మళ్లీ ఐసులో పెట్టాడు. వేళ్లు మొద్దుబారినా ఆగలేదు.

పొద్దు వాలుతుండగా ఒడ్డు నుంచి సెట్టును తనే విసిరాడు. ఒక అల వచ్చింది. రెండోది. మూడోది. నురగ తప్ప ఏమీ రాలేదు.

“సరిపోయిందంట,” అంది అంకాలమ్మ. ఇసుకలో కూలబడి అప్పుడు ఏడ్చింది.

హెబ్రోను ఆ అచ్చును వారంరోజులు ఎండలో పెట్టాడు. అది తడారలేదు.