ఏమనుకున్నాను పుస్తకం

ఆ టీములో ఎవరు ఏది పాడుచేసినా తిట్లుండేవి కావు, పుస్తకం ఉండేది. పచ్చ అట్ట వేసిన లావుపాటి రూళ్ళ పుస్తకం. తాము రాసిన కోడు వల్ల ఎక్కడైనా పని చెడితే, రాసినవాళ్ళు ముందు దాన్ని సరిచేసి, ఆనక ఆ పుస్తకం తీసుకుని తమ చేత్తో ఒకే ఒక్క సంగతి రాయాలి. ఏం చెడిందో అక్కర్లేదు, ఎలా బాగుచేశారో అక్కర్లేదు. ఆ కోడు రాసేటప్పుడు నేను ఏమనుకున్నాను, అంతే. శుక్రవారం పొద్దున అందరూ కూర్చున్నప్పుడు లేచి నిలబడి దాన్ని పైకి చదవాలి.

డయాలసిస్ కేంద్రాలకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అది. ఏ రోగి ఏ రోజు, ఏ వేళకి, ఏ కుర్చీలో కూర్చోవాలో చెప్పేది వాళ్ళ కోడే. అందుకే పుస్తకం నిండా అలాంటివే. 'ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ ఉన్నవాళ్ళు ఇద్దరుండరనుకున్నాను. ఉన్నారు. పైగా పక్కపక్క కుర్చీల్లోనే' అని ఒకరు రాశారు. 'నేను రాసింది నాకు గుర్తుంటుందనుకున్నాను' అని రాసినాయన పుస్తకాన్ని కాపాడే పెద్దమనిషే. ఆయన్ని అందరూ బాబాయ్ అనేవారు. కొత్తగా ఎవరు చేరినా, కంప్యూటర్ చేతికిచ్చే ముందు ఆ పుస్తకం ఇచ్చి ఒక పూటంతా చదివించేవాడు.

ఆ తర్వాత ఆఫీసులోకి ఏఐ టూల్ వచ్చింది. రెండు ముక్కల్లో ఏం కావాలో చెబితే చాలు, టీ తాగి వచ్చేలోగా కోడు రాసి, ఆ కోడుని పరీక్షించే టెస్టులు కూడా తనే రాసి పెట్టేది. టీములో దానికి కొత్తల్లుడని పేరు పెట్టారు. ఏం చెప్పినా తడుముకోకుండా చెబుతాడు, ఎవరూ ఎదురు మాట్లాడరు, వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో వాడి మాటే మాట. కొత్తల్లుడు అడుగుపెట్టి తొమ్మిది నెలలైంది. ఆ తొమ్మిది నెలల్లో పచ్చ పుస్తకం ఎవరూ తెరవలేదు. అట్ట మీద టీ కప్పులు పెట్టి పెట్టి గుండ్రటి మరకలు పడ్డాయి.

కొత్తల్లుడితో అందరికన్నా బాగా పొత్తు కుదిరింది ఎక్స్‌ప్రెస్‌కి. ఉద్యోగంలో ఏడో ఏడు నడుస్తున్న మనిషి. మొదట్నుంచీ చురుకైనదే గానీ, టూల్ వచ్చాక మూడు రోజుల పనిని పూటలో తేల్చిపారేస్తుంటే ఆ పేరు అతుక్కుపోయింది. పాత టీమ్ లీడ్ వేరే కంపెనీకి వెళ్ళిపోయాక ఆ కుర్చీ ఎవరిదో వేరే చెప్పక్కర్లేకపోయింది. వచ్చే సోమవారం లెటర్ ఇస్తానని మేనేజరు ఆమెని పిలిచి మరీ చెప్పాడు. ఆ మాట ఆమె ఇంట్లో మొగుడికీ మామగారికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఏడేళ్ళుగా ఆ పిలుపు కోసమే చూస్తోంది మరి.

బుధవారం పొద్దున ఒక కేంద్రం నుంచి పెద్ద నర్సు ఫోన్ చేసింది. అరిచి ఉంటే బాగుండేది, ఆవిడ అరవలేదు. నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ముసలాయన ఒకడున్నాడట. ముందురోజు వచ్చేసరికి స్క్రీను మీద ఆయన పేరు లేదు. ఆయన కుర్చీలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఆయాసపడుతూ అయిదు గంటలు బెంచీ మీద కూర్చుంటే, చివరికి ఆవిడే నానా తంటాలూ పడి ఒక మెషీన్ ఖాళీ చేయించి ఎక్కించింది. మనిషికి ఇప్పుడు పర్వాలేదు.

"నాలుగేళ్ళలో ఒక్కనాడు మానని మనిషిని రావట్లేదని మీ కంప్యూటర్ ఎలా రాసిందమ్మా?" అని అడిగింది నర్సు.

ఎక్స్‌ప్రెస్ వెతికితే పది నిమిషాల్లో దొరికింది. నెల కిందట ఆ కేంద్రం వాళ్ళు, రోగులు రాక కొన్ని కుర్చీలు ఖాళీగా పోతున్నాయి, వాటిని ఎదురుచూసే వాళ్ళకి ఇచ్చే ఏర్పాటు చెయ్యమన్నారు. ఆ మాటే ఆమె టూల్‌కి చెప్పింది. ముందురోజు సాయంత్రం రోగికి మెసేజ్ వెళ్ళాలి, నాలుగు గంటల్లో జవాబు రాకపోతే రావట్లేదని లెక్క, కుర్చీ తర్వాతి వాళ్ళకి. కొత్తల్లుడు రాసింది అదీ. కోడు అద్దంలా ఉంది. టెస్టులన్నీ పాసై పచ్చగా వెలిగాయి. ఆమె పైనుంచి కిందికి ఒకసారి చూసి, బాగుందనుకుని పంపేసింది. ఆ కేంద్రంలో అది నడవడం మొదలై రెండు రోజులే అయింది. క్షవరం కుర్చీకైతే అంతకన్నా మంచి పద్ధతి లేదు. రోజు విడిచి రోజు ఒంట్లో రక్తం శుభ్రం చేసుకుంటే తప్ప నిలబడలేని మనిషి జవాబివ్వకపోతే, అది రాననడం కాదు.

మధ్యాహ్నానికల్లా ఆ పద్ధతి తీసేసింది. మేనేజరు రిపోర్టు అడుగుతూ, టూల్ పొరపాటని ఒక్క ముక్క రాసెయ్యమన్నాడు. అబద్ధమూ కాదు, ఊళ్ళో అందరి టూల్సూ చేస్తున్నవే, సోమవారం లెటర్ పెట్టుకుని ఇప్పుడు నెత్తిన మచ్చ ఎందుకన్నాడు. ఆమె మంచి కోరే అన్నాడు.

రిపోర్టు పక్కన పెట్టి ఆమె బాబాయ్ దగ్గరికెళ్ళి పచ్చ పుస్తకం అడిగింది. ఆయన అట్ట మీద మరకలు చొక్కా చేత్తో తుడిచి ఇచ్చాడు.

తారీఖు వేసింది. 'నేను' అని రాసింది. అక్కడ పెన్ను ఆగిపోయింది. అందరూ మెసేజ్‌కి జవాబిస్తారనుకున్నానా? లేదు, అలా అనుకోలేదు. జవాబివ్వని వాళ్ళు రారనుకున్నానా? అదీ లేదు. పోనీ, ఈ రోగులకి ఫోన్లుంటాయనైనా అనుకున్నానా? అరగంట తన బుర్రలో తనే సోదా చేసుకుంది. ఏదో ఒకటి దొరికితే సిగ్గుపడుతూనైనా రాసేసేది. ఏమీ దొరక్క, పుస్తకం బ్యాగులో పెట్టుకుని ఇంటికి పోయింది.

ఇంట్లో మామగారు వాలుకుర్చీలో ఉన్నాడు. ముప్పయ్యేళ్ళు ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ నడిపి ఎడమ చెవి పోగొట్టుకున్న మనిషి. కోడల్ని చూడగానే ఫోన్ చాపాడు.

"అమ్మా, ఈ ఎర్ర అంకె రోజురోజుకీ పెరిగిపోతోంది. ఛార్జింగ్ ఎక్కువైందేమో కాస్త చూడు."

చూసింది. నాలుగువందల పన్నెండు. ఆయన చదవకుండా వదిలేసిన మెసేజ్‌లు. కొడుకు పంపినవి, బ్యాంకు పంపినవి, తను పంపినవి కూడా అందులోనే ఉన్నాయి. ఇవేవీ చదవరా మామయ్యా అని కుడి చెవి వైపు వంగి అడిగింది.

"అవసరమైందైతే మనిషే ఫోన్ చేస్తాడు కదమ్మా," అన్నాడాయన, అదేం ప్రశ్న అన్నట్టు.

ఆమె అక్కడే నేల మీద చతికిలబడింది. ఆరేళ్ళుగా ఈ మనిషితో ఒకే కప్పు కింద ఉంటోంది. మీ మామగారికి మెసేజ్ పెడితే జవాబిస్తాడా అని ఎవరైనా నిద్రలో లేపి అడిగినా, ఛస్తే ఇవ్వడని చెప్పి ఉండేది. కానీ ఎవరూ అడగలేదు. కొత్తల్లుడు అడగలేదు సరే, వాడికి మామగారెవరో తెలియదు. తనని తను కూడా అడుక్కోలేదు. మొగుడు టీ తెచ్చి పక్కన పెట్టాడు, ఏమైందని అడిగాడు. ఒక్క నిమిషం అని, బ్యాగులోంచి పుస్తకం తీసి, 'నేను' పక్కన రెండు మాటలు రాసి మూసింది.

శుక్రవారం పొద్దున నిలబడింది. ముసలాయన సంగతి, మెసేజ్ సంగతి చెప్పి, పుస్తకం తెరిచి చదివింది.

"నేను ఏమీ అనుకోలేదు."

ఇంకా ఉందేమోనని అందరూ చూశారు. లేదు. ఎప్పుడూ హెడ్‌ఫోన్లు పెట్టుకు తిరిగే కుర్రవాడొకడు జోకేమోనని నవ్వబోయి, ఎవరూ నవ్వకపోయేసరికి దగ్గులోకి దింపాడు. ఎవరి కళ్ళు వాళ్ళ కాఫీ కప్పుల్లోకి పోయాయి. ఆ గదిలో ఆ తొమ్మిది నెలల్లో పంపిన కోడు తక్కువేం కాదు. దేని గురించి ఏమనుకున్నామా అని ఎవరికి వాళ్ళు లోపల తవ్వుకుంటున్నట్టున్నారు.

మేనేజరు గదిలోకి పిలిచాడు. ఒక్క ముక్కతో పోయేదాన్ని ఊరంతా దండోరా వేసుకున్నావన్నాడు. లెటర్ మూడు నెలలు వాయిదా అన్నాడు.

"పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను? ఏమీ అనుకోని మనిషిని లీడ్ చేశానని చెప్పనా?"

ఆ మాట గుచ్చుకుంది. నిజం కాబట్టి మరీ గుచ్చుకుంది. వాష్‌రూములో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని బాబాయ్ దగ్గరికెళ్ళింది. ఇకనుంచి టూల్ ముట్టుకోనని చెప్పింది. పాత రోజుల్లోలాగా అక్షరమక్షరం తనే రాస్తుందట. ఆయన కళ్ళజోడు తీసి ఆమె వంక చూశాడు.

"కొత్తల్లుణ్ణి గెంటెయ్యమని ఎవరన్నారమ్మాయ్? ఉండనీ. బీరువా తాళాలు చేతికివ్వొద్దంటున్నా, అంతే."

సోమవారం, లెటర్ అందాల్సిన రోజున, ఆమె పెద్ద నర్సు దగ్గరికెళ్ళింది. రెండు రోజులు ఆ కేంద్రంలోనే, ముసలాయన అయిదు గంటలు కూర్చున్న బెంచీ మీదే కూర్చుంది. వచ్చినవాళ్ళని, మెసేజ్ వస్తే జవాబెందుకివ్వరని ఒక్కొక్కరినే అడిగింది. ఒకాయన ఫోన్ మనవరాలి దగ్గరుంటుంది. ఒకావిడకి చూపు ఆనదు. ఒకాయన తన నంబరని వేరే ఊళ్ళో ఉన్న కొడుకు నంబరిచ్చాడు, కొడుకేమో అది తనక్కాదనుకుని వదిలేస్తున్నాడు. ఇంకొకావిడ ఏది నొక్కితే ఏమవుతుందోనని అసలు ఫోనే ముట్టుకోదు. కిటికీ పక్క ముసలాయనకి కోపమేం లేదు గానీ, ఆమె ప్రశ్న మాత్రం వింతగా తోచింది.

"బతికుంటే వస్తాను. దానికి మళ్ళీ జవాబెందుకు తల్లీ?"

పదకొండు కారణాలు రాసుకుంది. పెద్ద నర్సుతో కూర్చుని ఒక్కోటీ తేల్చింది. ఇంట్లో ఎవరో ఒకరితో నర్సు నోటితో మాట్లాడితే తప్ప ఏ కుర్చీనీ ఖాళీ అని రాయకూడదు, మెషీన్ చెయ్యాల్సింది ఎవరికి ఫోన్ చెయ్యాలో నర్సుకి చూపించడం వరకే. ఆఫీసుకొచ్చి అదంతా చెబితే కొత్తల్లుడు పావుగంటలో రాసిచ్చాడు. దాన్ని ఆమె సాయంత్రం దాకా చదివింది. చదువుతూ ఇది ఎందుకు, అది ఎందుకని అడిగితే, రెండుచోట్ల వాడే నాలుక కరుచుకున్నాడు.

అప్పట్నుంచి టూల్‌ని ఏది అడగాలన్నా, ముందు పచ్చ పుస్తకం వెనక పేజీల్లో తను ఏమనుకుంటోందో రెండు వరసలు రాసుకుని మరీ అడగడం మొదలుపెట్టింది. వేగం సగానికి పడిపోయింది. హెడ్‌ఫోన్ల కుర్రవాడు ఎక్స్‌ప్రెస్ పేరు తీసేసి ప్యాసింజర్ అని పెట్టాడు. అన్ని స్టేషన్లలోనూ ఆగుతోందట. ఆమెకి రోషమొచ్చింది, వాడు రాసిన కోడు సరిచూడ్డానికి తన దగ్గరికి వచ్చినప్పుడు అందులో మూడు స్టేషన్లు వాడు ఆగకుండా వచ్చేశాడని చూపించింది. మర్నాడు వాడు పుస్తకం వెనక పేజీల్లో తనకీ కాస్త చోటిమ్మని వచ్చాడు.

మూడో నెల చివర, లెటర్ సంగతి మళ్ళీ తేలడానికి వారం ఉందనగా, ఆమె కోడు మళ్ళీ తప్పింది. ఒక కేంద్రంలో నర్సు చేతికొచ్చే రోజువారీ జాబితాలో పదకొండుమంది పేర్లు రెండుసార్లు పడ్డాయి. ఎవరికీ ఇబ్బంది లేదు, నర్సే గీతలు కొట్టి సర్దుకుంది. ఆ సంగతి నర్సుకీ తనకీ తప్ప మూడో మనిషికి తెలియదు. నర్సు కూడా, చిన్నదేలేమ్మా అని నవ్వేసింది. పుస్తకం దగ్గరికి చెయ్యి వెళ్ళి ఒక్క క్షణం ఆగింది. ఒక్క వారమే కదా, ఆ తర్వాత రాసుకోవచ్చు కదా అని మనసు లాగింది. లాగుతుండగానే పేజీ తెరిచింది. ఈసారి పెన్ను ఆగలేదు. పేజీన్నర నిండింది.

శుక్రవారం చదివింది. "రోజనేది అర్ధరాత్రి పన్నెండింటికి మారుతుందనుకున్నాను. గడియారం ఉన్న ఎవరైనా అదే అనుకుంటారనుకున్నాను. నర్సులకి రోజు మారేది డ్యూటీ మారినప్పుడు. రాత్రి పదింటికి కుర్చీ ఎక్కిన మనిషి రెండింటికి దిగితే, నా దృష్టిలో ఆయన రెండు రోజులొచ్చాడు, నర్సు దృష్టిలో ఒక్కసారే వచ్చాడు..." అలా తను ఎక్కడ మొదలుపెట్టి, ఏ మలుపులో దారి తప్పి, ఎంత ధీమాగా ఆ తప్పు దారినే నడిచిందో అంతా ఉంది. సగానికి వచ్చేసరికి గదంతా నవ్వుతోంది. ఆమెకీ నవ్వు ఆగలేదు.

బాబాయ్ కళ్ళు తుడుచుకుని, "ఇదీ తప్పంటే," అన్నాడు, పిల్ల తొలి అడుగు వేసినంత సంబరంగా.

మేనేజరుకి అర్థం కాలేదు. "మూడు నెలల్లో రెండు తప్పులు రాసినావిడకి లీడ్ ఎలా ఇమ్మంటారు?" అని బాబాయ్‌నే అడిగాడు.

"మొదటిది తన తప్పు కాదు సార్. మనందరిదీ. ఇదొక్కటే తనది. పక్కన పెట్టుకుని చదవండి, మీకే తెలుస్తుంది."

మేనేజరు పుస్తకం తీసుకున్నాడు. ఆ కంపెనీలో ఇన్నేళ్ళలో ఆయన దాన్ని చేత్తో పట్టుకోవడం అదే మొదలు. ఒకచోట రెండు మాటలు, మరోచోట పేజీన్నర. అవి చదివి ఊరుకోలేదు, వెనక్కి తిప్పి, పాత పేజీల్లోకి పోయాడు. మీటింగ్ అయిపోయి అందరూ లేచి వెళ్ళినా ఆయన లేవలేదు. మధ్యలో ఒకసారి ఆయన నవ్వు బయటికి వినిపించింది. పక్కపక్క కుర్చీల కవలపేర్ల దగ్గరికి చేరాడేమో.

సోమవారం లెటర్ వచ్చింది.

మొగుడికి ఫోన్ చేసి చెప్పింది. మామగారికి మెసేజ్ పెట్టలేదు. ఎర్ర అంకె అప్పటికి అయిదువందలు దాటింది. సాయంత్రం ఇంటికెళ్ళి, చెప్పులు విడిచి, పీట లాక్కుని ఆయన కుడి చెవి వైపు కూర్చుని నోటితోనే చెప్పింది.