మధ్యాహ్నపు ఏరు

గదోకి ముందు పుట్టిన ముగ్గురు మగపిల్లలు పురిటిలోనే పోయారు. నాలుగోవాడైనా దక్కాలని తల్లి వాడికి బిచ్చగాడు అని అర్థం వచ్చే ఆ పేరు పెట్టింది. మృత్యువుకి బిచ్చగాళ్ళ మీద మోజుండదని వాళ్ళ వైపు నమ్మకం. పేరు పని చేసిందో ఏమో, గదో బతికాడు. సోవియట్ సైన్యంలో రెండేళ్ళు బీటీఆర్ అనే సాయుధ శకటం నడపడం నేర్చుకుని ఇంటికొచ్చాడు. వచ్చిన ఏడాదికే ఆ దేశం లేకుండా పోయింది. మరుసటి ఏడాది తజిక్కులు తజిక్కుల్ని చంపుకోవడం మొదలైంది.

అలాంటి రోజుల్లో సాయుధ శకటం నడపడం వచ్చినవాణ్ణి ఇంట్లో కూర్చోనిస్తారా? కమాండర్ అషూర్‌మద్ మనుషులు వచ్చి పిలుచుకుపోయారు. గదో ఒంటరిగా పోలేదు. అక్క సోరా మొగుడు సంగీన్ కూడా సైన్యంలో తుపాకీ పట్టినవాడే. "వాడొక్కడినీ పంపితే మీ కూతురు నాకు అన్నం పెట్టదు" అని మామగారితో పరాచికాలాడాడు గాని, నిజానికి సోరాయే పంపింది. "తమ్ముడి వెనక నువ్వుండు" అంది. అలా బావ ఫిరంగి దగ్గర, బావమరిది స్టీరింగ్ దగ్గర, ఒకే బండిలో పడ్డారు.

ఆ బండికి ఎనిమిది చక్రాలు, వెనక రెండు పెట్రోలు ఇంజన్లు, మధ్యలో మనుషులు ఒదిగి కూర్చునే కడుపు. అయితే ఆ కడుపులో కూర్చునే సాహసం ఎవడికీ లేదు. కింద మందుపాతర పేలితే పైన కూర్చున్నవాడు ఎగిరి ఎక్కడో పడతాడు, కాలో చెయ్యో పోతుంది. లోపలున్నవాడు డబ్బాలో మాంసమే. అందుకని సైనికులంతా ఇనుప వీపు మీద, గొర్రెతోళ్ళు పరుచుకుని కూర్చునేవారు. లోపల ఉండక తప్పనిది ఈ ఇద్దరికే.

"బామ్మర్దీ, భయమేస్తోందా?" అనేవాడు సంగీన్ ఫిరంగి సీటు మీంచి, గదో భుజాన్ని బూటుకాలితో తట్టి.

"నీ కాలి కంపు ముందు మందుపాతర ఎంత బావా!"

"మీ అక్క ఉతికిన మేజోళ్ళురా ఇవి. దాన్నే అడుగు."

మార్చి నెలలో పై లోయ దారులు మంచుతో, యుద్ధంతో మూసుకుపోయాయి. అక్కడి హోజాసంగ్ ఊరు గడ్డపోళ్ళ వైపు ఊరు. యుద్ధంలో అవతలి పక్షాన్ని అందరూ అలాగే పిలిచేవారు. ఆ ఊళ్ళో జనం పశువుల దాణా ఉడకబెట్టుకుని తింటున్నారని తెలిసి, రెండు వైపుల పెద్దలూ కూర్చుని ఒక ఒప్పందానికొచ్చారు. రెండు లారీల పిండి పంపాలి. వంతెన కూలిపోయింది కాబట్టి ఏరు దాటడానికి బీటీఆర్ ముందు నడిచి రేవు చూపించాలి. షరతులు రెండు. ఫిరంగి మూతి వెనక్కి తిప్పి ఉంచాలి. బండి కడుపులో మనుషులుండకూడదు.

మొదటిసారి అంతా మాట ప్రకారమే జరిగింది. పొద్దున్నే ఏరు చక్రాల సగం దాకా ఉంది. అవతలి ఒడ్డుకెక్కగానే ఊరి పంతులు, అందరూ దోముల్లో అని పిలిచే ముసలాయన, కర్ర పొడుచుకుంటూ వచ్చి పక్క తలుపు తనే తెరిచాడు. తల లోపలికి పెట్టి మూలమూలా చూశాడు. తర్వాత గదోని చూశాడు.

"ఖాళీగానే ఉంది. మరి ఖాళీగా ఎందుకు పోతుంది నాయనా? ఇక్కడొక పిల్ల రెండు రోజులుగా నొప్పులు పడుతోంది. ఆసుపత్రికి చేరుస్తావా?"

ఆ పిల్లని బండి కడుపులో పడుకోబెట్టి, దాని అత్తని పక్కన కూర్చోబెట్టారు. దారిలో, సగం దూరంలోనే, ఇంజన్ల రొదలో ఒక కొత్త ఏడుపు వినిపించింది. సంగీన్ మొహం సున్నం కొట్టినట్టయింది. "ఒరేయ్ గదో, గోతులు చూసి పోనివ్వరా! ఇది బీటీఆర్ కాదిప్పుడు, మంత్రసాని!" అని అరిచాడు. ఆ మాట నెల రోజులు దళమంతా చెప్పుకుని నవ్వుకుంది.

దోముల్లో కబురు పంపాడు. ఇంకోసారి వస్తే బండి లోపల వెతకం, మీ మొహాలు చూస్తే చాలు అన్నాడు.

ఆ కబురే కొంప ముంచింది. ఏప్రిల్ చివర్లో రెండో విడత పిండి పంపాల్సి వచ్చినప్పుడు, అషూర్‌మద్ తన వాకిట్లో ఉడికిన మాంసం ముందు పెట్టుకుని, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఎనిమిది మంది కడుపులో కూర్చోండి. పిండి దించుకోడానికి ఊరి మగాళ్ళంతా ఒడ్డుకొస్తారు. బండి ఒడ్డెక్కగానే రెండు తలుపులూ తెరుచుకోవాలి. గడ్డం ఉన్నవాడూ లేనివాడూ అని చూడొద్దు."

గదో ఒక అడుగు ముందుకొచ్చాడు. "కమాండర్, ఆ ముసలాయనకి మాటిచ్చాం కదా."

"మాటిచ్చింది నేను. నువ్వు స్టీరింగ్‌వి. స్టీరింగ్ మాట్లాడ్డం ఎక్కడైనా చూశావా?"

అందరూ నవ్వారు. సంగీన్ నవ్వలేదు గాని తల కూడా ఎత్తలేదు.

సాయంత్రం బండి కింద పడుకుని ఇరుసులకు గ్రీజు పెడుతూ గదో మెల్లగా కదిపాడు. "బావా, ఒక ఇంజను పాడయిందనుకో..."

"రెండోది ఈడ్చుకుపోతుంది. రెండెందుకు పెట్టారనుకున్నావు?" సంగీన్ చేతిలో గుడ్డ ఆపి వాడి మొహంలోకి చూశాడు. "ఇదిగో విను. మనం కాదంటే రేపు ఇంకోడు నడుపుతాడు. మనిద్దరినీ గోడకి నిలబెడతారు. ఊరికి ఒరిగేదేం లేదు. మీ అక్క మాత్రం ఒకే రోజు మొగుడి శవాన్నీ తమ్ముడి శవాన్నీ కడగాలి. ఆలోచించడం మానెయ్. రోడ్డు చూడు, అంతే."

గదో ఇరుసుకి గ్రీజు పూస్తూనే ఉన్నాడు. ఆలోచించడం మాత్రం మానలేదు.

ఆ బండి నీళ్ళలో ఈదగలదు. అడుగున నీళ్ళు పోయే కన్నాలుంటాయి, వాటికి బిరడాలు. నీళ్ళలో దిగేముందు బిగించాలి. బిరడాలు తీసేస్తే? ఏటి మధ్యలో ఆగితే నీళ్ళు లోపలికొస్తాయి, రెండు ఇంజన్లూ ఒకేసారి చస్తాయి. లోపలివాళ్ళు పైమూతలు తెరుచుకుని వీపు మీదికెక్కక తప్పదు. అవతలి ఒడ్డు నుంచి ఊరు వాళ్ళని చూస్తుంది, తుపాకులు చూస్తుంది, కొండెక్కి పారిపోతుంది. పొద్దున పూట ఏరు మొలలోతు. ఎవడూ చావడు. తడుస్తారు, తిడతారు, అంతే.

గురువారం తెల్లవారుతుండగా, ఇంకా ఎవరూ లేవకముందే, నాలుగు బిరడాలూ తీసి గడ్డివాములో పడేశాడు. నీళ్ళు తోడే పంపు తీగ కూడా తెంపాడు.

ఆరింటికి బయల్దేరాలి. కానీ జిల్లా నుంచి ఎవరో పెద్దమనిషి దిగాడు. ఆయన కోసం గొర్రెని కోశారు. పులావు దించేదాకా ఎవరూ కదలకూడదన్నారు. తర్వాత ముల్లా దీవెన. దీవెన తర్వాత టీ. గదో బండి చుట్టూ పదిసార్లు తిరిగాడు. "బామ్మర్దికి వేవిళ్ళు పట్టుకున్నాయి" అని సంగీన్ అందరి ముందూ ఏడిపించాడు. ఎండ ఎక్కుతోంది. పైన కొండల మీద మంచు కరగడం మొదలైందని గదోకి తెలుసు. ఆ లోయలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు, పొద్దుటి ఏరు వేరు, మధ్యాహ్నపు ఏరు వేరు.

పిండి లారీలు వెనక రాగా, రేవు చేరేసరికి రెండయింది.

ఏరు మట్టిరంగు తిరిగింది. నీళ్ళ అడుగున బండరాళ్ళు దొర్లుతున్న చప్పుడు ఇంజన్లని దాటి వినిపిస్తోంది. గదో బండి ఆపాడు. పక్క సీట్లో అషూర్‌మద్ కుడిభుజం, తోలుటోపీ పెట్టుకున్న షోదీ కూర్చున్నాడు.

"నీళ్ళెక్కువున్నాయి. రేపొద్దున వద్దాం," అన్నాడు గదో.

"ఇది ఈదే బండి కదరా? తెప్పలా పోనీ."

"ప్రవాహం..."

"పోనిమ్మన్నానా!"

ఇప్పుడు బిరడాల సంగతి చెప్పాలంటే, ఎవరు తీశారో కూడా చెప్పాలి. అద్దంలోంచి అవతలి ఒడ్డు కనిపిస్తోంది. యాభై అరవై మంది. ఖాళీ గోనెసంచులు భుజాన వేసుకుని నిలబడ్డారు. కొందరి మెడల మీద చిన్నపిల్లలు. దోముల్లో కర్ర ఎత్తి రమ్మని ఊపుతున్నాడు. వెనక కడుపులో ఎనిమిది మంది మోకాళ్ళ మధ్య తుపాకులు పెట్టుకుని, ఒకరి ఊపిరి ఒకరు పీలుస్తూ కూర్చున్నారు. వాళ్ళలో ముగ్గురు తనతో చదువుకున్నవాళ్ళు.

గదో మొదటి గేరు వేశాడు.

ఏటి మధ్యకొచ్చేసరికి కాళ్ళ కింద చల్లగా తగిలింది. చూస్తుండగానే చీలమండలు దాటింది. కడుపులోంచి కేకలు మొదలయ్యాయి. సంగీన్ తన సీటు మీంచి వంగాడు.

"గదో! బిరడాలు బిగించావా?"

వెనక్కి తిరక్కుండానే, "బిగించాను బావా," అన్నాడు గదో.

"మరి నీళ్ళెక్కణ్ణుంచిరా?"

"తలుపు రబ్బర్లలోంచేమో. పంపు పనిచేస్తోంది, తగ్గిపోతాయి."

సంగీన్ ఆ మాట నమ్మాడు. తనవాళ్ళని "కదలకండి, పంపు లాగేస్తుంది" అని కూర్చోబెట్టాడు. ఎంతసేపు? ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు. ముందు ఎడమ ఇంజను దగ్గింది, ఆ వెంటనే కుడిది. తర్వాత ఏటి హోరు తప్ప ఏమీ లేదు.

గదో అనుకున్నట్టు బండి అక్కడే నిలబడిపోలేదు. ప్రవాహం దాన్ని పుల్లలా తిప్పింది. రేవు కిందుగా లోతైన మడుగుంది. అటు ఈడ్చుకుపోయి, ఒక బండరాయికి ఆనించి పక్కకి ఒరగదోసింది. పైమూతలు తెరుచుకున్నాయి. షోదీ ముందు ఎగబాకాడు, వాడి వెంటే కడుపులోంచి ఒకడు. గదో తన మూతలోంచి బయటపడి, ఇనుము మీద బోర్లా పడుకుని చెయ్యి లోపలికి చాపాడు. ఒకణ్ణి లాగాడు, ఇంకొకణ్ణి లాగాడు. కిందనుంచి ఎవరో మనుషుల్ని భుజం పెట్టి పైకి తోస్తున్నారు. ఆ చేతులు సంగీన్‌వని ఉంగరం చూసి తెలిసింది.

"బావా, చాలు! నువ్వు రా!"

"ఇంకో ఇద్దరున్నారురా!"

అవతలి ఒడ్డున ఎవరో ఆడమనిషి పెద్దగా అరిచింది. ఊరివాళ్ళు బండి వీపు మీది తుపాకులు చూశారు. సంచులు అక్కడే పడేసి, పిల్లల్ని ఎత్తుకుని, జనం కొండవైపు పరుగెత్తారు. షోదీ తడిసిన తుపాకీ మీట రెండుసార్లు నొక్కి చూశాడు, పేలలేదు.

గదో అయిదో మనిషిని లాగుతుండగా బండి రాయి మీంచి జారింది. పూర్తిగా పక్కకి దొర్లింది, పైనున్నవాళ్ళు దాని చక్రాలు పట్టుకుని వేలాడారు. తెరిచి ఉన్న మూతలు నీళ్ళ కిందికి పోయాయి.

మర్నాడు పొద్దున్న ఏరు తగ్గాక, తాళ్ళు కట్టుకుని దిగి, ముగ్గురి శవాల్నీ బయటికి తెచ్చారు. సంగీన్ రెండు చేతులూ ఇంకా పైకే ఉన్నాయి. వాటిని దించడానికి వేడినీళ్ళ గుడ్డలు వేయాల్సి వచ్చింది.

బండిని ఎవరూ బయటికి లాగలేదు. దాని అడుగు ఎవరూ చూడలేదు. పాత ఇనుము, సోవియట్ కాలపు తుక్కు, తలుపు రబ్బర్లు పోయి ఉంటాయన్నారు. చావుకి తెగించి అయిదుగురిని లాగిన గదోని అషూర్‌మద్ అందరి ముందూ కౌగలించుకున్నాడు. హోజాసంగ్ జనం పైన మేత కొండల్లోకి వెళ్ళిపోయారు. పిండి లేకుండా అక్కడ ఎలా బతికారో, ఎంతమంది బతికారో గదోకి తెలియలేదు. జూన్‌లో వేరే దళం పోయి ఖాళీ ఇళ్ళకి నిప్పుపెట్టింది. ఊరు వదలనన్న ముగ్గురు ముసలివాళ్ళు అందులోనే ఉన్నారని చెప్పుకున్నారు. ఆ ముగ్గురిలో దోముల్లో ఉన్నాడా అని గదో ఎవరినీ అడగలేకపోయాడు.

నలభయ్యో రోజు సంతాప భోజనం అయ్యాక, ఆడవాళ్ళు గిన్నెలు తోముకుంటుంటే, సోరా పొయ్యి దగ్గర ఒంటరిగా దొరికింది. గదో ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. గడ్డివాముతో మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఊరి సంగతి చెప్పాడు, అషూర్‌మద్ ఎత్తు చెప్పాడు, మధ్యాహ్నం దాకా ఆలస్యమైన సంగతి చెప్పాడు. సోరా నిప్పులు కెలుకుతూ విన్నది. మధ్యలో ఒక్కసారి, "పిల్లలు కూడా ఉన్నారా ఒడ్డున?" అని అడిగింది.

"ఉన్నారక్కా."

"ఊఁ."

క్షమిస్తుందేమో అనిపించింది గదోకి. అందుకే, దాచిపెట్టుకోగలిగిన ఆ ఒక్కటి కూడా చెప్పేశాడు. బావ అడిగాడు, నేను బిగించానన్నాను.

సోరా చేతిలో పుల్ల ఆగింది.

"అడిగాడా? పేరు పెట్టి అడిగాడా?"

"అడిగాడు."

"అప్పుడు లేదని చెప్పుంటే?"

గదో బయటికి రాలిన బొగ్గు ముక్కని పొయ్యిలోకి తోశాడు.

"అప్పుడే లేవమని ఉంటే, ఆ కాసేపట్లో ఎంతమంది పైకొచ్చేవాళ్ళురా?"

"అందరూ," అన్నాడు గదో. అది అతనికి నలభై రోజులుగా తెలుసు. "భయపడ్డానక్కా. పక్కన షోదీ ఉన్నాడు."

"ఊరికోసం చేశావు, సరే. దానికి నేను దేవుడి దగ్గర నీ వైపే నిలబడతా." ఆమె గొంతు పెరగలేదు. "ఆ ఒక్క మాట మాత్రం నీ కోసం ఆడావు. నిన్ను నమ్మి ఆయన కూర్చున్నాడు, అందర్నీ కూర్చోబెట్టాడు. ఇక లే. మా అత్తకి ఈ సంగతి తెలిస్తే ఈ ఇంటివాళ్ళు నిన్ను బతకనివ్వరు. నేను చెప్పను. నువ్వూ చెప్పొద్దు. ఇంకో శవాన్ని కడిగే ఓపిక నాకు లేదు."

ఆమె మాట నిలబెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. యుద్ధం ముగిసింది. గదో రష్యా పోయి లారీలు నడిపి, ఏడాదికోసారి ఇంటికొచ్చేవాడు. ఏప్రిల్ చివర్లో సంగీన్ పేరున పెట్టే భోజనానికి పిలుపు తప్పేది కాదు. రాకపోతే ఎందుకు రాలేదని పదిమందీ అడుగుతారు కనుక వచ్చేవాడు. ఆ అయిదుగురిలో బతికున్నవాళ్ళు లేచి చోటిచ్చేవారు. సంగీన్ తల్లి, చూపు ఆనని ముసలిది, అతని తల తడిమి, "నా కొడుకుని తేలేకపోయావు గాని అయిదుగురు తల్లుల కడుపులు నిలబెట్టావు నాయనా" అని దీవించి, గోడవారగా పరిచిన మెత్తటి పరుపు మీద, పెద్దల చోట కూర్చోబెట్టేది. సోరా వచ్చి అతని ముందు టీ గిన్నె పెట్టేది. అతిథికి పెట్టినట్టే, కుడిచేత్తో, ఎడమచెయ్యి గుండెకి ఆనించి. తలెత్తి మాత్రం చూసేది కాదు. అతను ఆ టీ చివరిదాకా తాగి, దీవెనకి చేతులెత్తేవాడు.