ఒక చెయ్యి కుట్టని గౌను

కొత్త బ్యాచ్ రాగానే మొదటి ప్రశ్న ఇదే: "సార్, మీలెక్క కావాలంటే ఏం చదవాలె?"

ఏం చదవాలి, నా తలకాయ! మహబూబాబాద్‌లో కానిస్టేబుల్‌గా చేరాను. తర్వాత భూపాలపల్లిలో స్పెషల్ బ్రాంచిలో వేశారు. బొగ్గుబావుల క్వార్టర్ల మధ్య మఫ్టీలో తిరుగుతూ ఎవరొచ్చారో, ఎవరు పోయారో తెలుసుకోవడం పని. దూరవిద్యలో ఎమ్మే, రిటైరయ్యే ముందు పీహెచ్‌డీ. ఇప్పుడు జనగామ దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఇంటెలిజెన్స్ స్టడీస్ చెప్తున్నాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే బతుకు. నిద్ర బాగానే పడుతుంది. సంతోషమూ లేదు, బాధా లేదు.

మొదటి క్లాసులో ఒకే రూలు చెప్తాను. మనకు కబురు చెప్పినవాడి గురించి ఎవరడిగినా అవుననొద్దు, కాదనొద్దు. ఇవాళ ఒకడి గురించి కాదంటే, రేపు ఇంకొకడి గురించి అడిగినప్పుడు నోరు మూసుకున్నా వాడు దొరికిపోతాడు.

మొన్న సంకేతాల పాఠం. పిల్లలు కునుకుతున్నారని ఒక కథ చెప్పాను. మనిషి పేరు మార్చాను, ఊరు డోర్నకల్ చేశాను. ఒక దర్జీ. అడవిలోని అన్నలు ఊళ్ళోకి వస్తే, పోలీసులకు తెలిసేలా దుకాణం బయట కొక్కేనికి పసుపురంగు చిన్నపిల్ల గౌను వేలాడదీసేవాడు. దానికి ఒక చెయ్యి కుట్టడు. ఎవరైనా అడిగితే ఇంకా కాలేదంటాడు. కుట్టడం అయిపోతే గౌను కొక్కెం మీద ఎందుకుంటుంది? అందుకే అది ఎన్నటికీ పూర్తికాదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ బాగానే అనిపించింది.

క్లాసయ్యాక రుఖయ్యా ఆగిపోయింది. భూపాలపల్లి పిల్ల, నోట్లో నాలుక లేనట్టు కూర్చునేది.

"సార్, మా అబ్బా గులాం రసూల్, టైలర్. నేను పసిపిల్లగున్నప్పుడు ఇన్ఫార్మరని అన్నలు చంపిన్రు. కాదని మా అమ్మీ ఇప్పటికీ బస్తీ అంతటితోని కొట్లాడుతది. గసొంటి గౌనే మా సందూకు పెట్టెల ఉన్నది. నాకోసం కుడుతుంటే, రెండో చెయ్యి పడకముందే తీస్కపోయిన్రని అమ్మీ చెప్తది. మీరు చెప్పింది మా అబ్బా గురించేనా?"

పేరు మార్చినవాణ్ణి, ఊరు మార్చినవాణ్ణి, ఆ గౌను మార్చడానికి నాకేం రోగం? ఇన్నేళ్ళ సర్వీసు బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ పిల్ల మొహం చూడలేక నోరు దానంతటదే తిరిగింది.

"కాదమ్మా. అది డోర్నకల్‌లో జరిగింది. వేరే మనిషి."

రుఖయ్యా సంచీ భుజానికి తగిలించుకుంది. మళ్ళీ దించి బెంచీ మీద పెట్టింది.

"కాదన్నరు సార్."

"అవును. కాదు."

"ఎవరడిగినా కాదనొద్దని మీరే చెప్పిన్రు గదా. నా మీద జాలితోనే గదా రూలు తప్పిన్రు."

నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేసిన చెంపలా ఉంది లోపలంతా. ఆ పిల్ల కూడా ఏడవలేదు.

"అబ్బా ఇన్ఫార్మరైతే అయిండు, గది నేను మోస్త," అంది. "ఈద్ పండుగొస్తే అమ్మీ గా గౌను తీసి, చెయ్యి లేనికాడ తడుముతది. ఇంకో దినముంటే కుడుతుండె అంటది. జర నిజం చెప్పుండ్రి సార్. అబ్బా గా గౌను నాకోసమే కుట్టిండా?"

గౌను కొక్కెం మీద ఉందా లేదా అని రోజూ ఆ దుకాణం ముందు నుంచి నడిచినవాణ్ణి. రసూల్ ఎవరితో మాట్లాడాడో, ఏ బస్సెక్కాడో అన్నీ అడిగాను. ఆ గౌను ఎవరిదని మాత్రం ఏనాడూ అడగలేదు.

రుఖయ్యా నిలబడే ఉంది. అవుననలేకపోయాను, కాదనలేకపోయాను. నిజంగానే నాకు తెలియదు.