వాగ్దానాల డబ్బాలో ఎర్ర జెర్సీ

మా చర్చి సంఘంలో కొత్త సంవత్సరం నాడు వాగ్దానం కార్డులు తీస్తారు. చిన్న అట్టముక్క, దాని మీద ఒక బైబిల్ వాక్యం. కళ్ళు మూసుకుని డబ్బాలోంచి ఒకటి తీసుకోవాలి. ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నచ్చలేదని వెనక్కి వేయడం, పక్కవాళ్ళతో మార్చుకోవడం కుదరదు. మా ఆయన సురేష్ బాబుకి ఏటా ఓర్పు మీదే వస్తుంది. నన్ను చేసుకున్నాక అది అవసరమని దేవుడికీ తెలిసినట్టుంది.

ఆ కార్డులు కత్తిరించి బిస్కెట్ల డబ్బాలో వేసే పని నాది. డిగ్రీ చదివినందుకు అనకాపల్లిలో నాకు దొరికిన ఉద్యోగం అదొక్కటే. రెండువేల మూడు డిసెంబరు చివర్లో, మా భోజనాల బల్ల మీద ఆ పని చేస్తుండగా చుట్టాలు దిగారు. బల్ల మీదున్న ముక్కలన్నీ గబగబా డబ్బాలోకి తోసేశాను. నా పాటల పుస్తకం కూడా ఆ కుప్పలోనే బోర్లా పడి ఉంది. దాంట్లో నా కార్డు ఉండేది.

నా కార్డు మీద వాక్యం లేదు. ఎర్ర జెర్సీ, ఇరవైమూడు నంబరు, బంతి పట్టుకుని గాల్లో ఉన్న మనిషి. బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్ళకి పేరు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా లాభం లేదు. కాలేజీ టీములో నాతో ఆడిన లూర్దు మేరీ ఇచ్చింది. ఓడలో పనిచేసే వాళ్ళ మామయ్యని చాక్లెట్లు తెమ్మంటే ఇది తెచ్చాడట. యూనివర్సిటీ సెలక్షన్లకి ఇద్దరం వెళ్ళాలి. ఆ వారమే మా ఇంట్లో పెళ్ళిచూపులు పెట్టారు. మేరీని యూనివర్సిటీ ఎంపిక చేసింది, నన్ను సురేష్ బాబు ఎంపిక చేశాడు. వెళ్ళేముందు మేరీ ఈ కార్డు నా చేతిలో పెట్టి బస్సెక్కింది.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం పాట మధ్యలో ఒకసారి దాన్ని చూసుకుంటాను. సరిగ్గా ఆ చరణంలోనే నా గొంతు బాగుంటుందని పాస్టరుగారు మెచ్చుకుంటారు.

జనవరి ఒకటి ఉదయం ఆరాధనలో పుస్తకం తెరిస్తే కార్డు లేదు. ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. పాస్టరుగారు డబ్బా పట్టుకుని వరసల వెంట వస్తుంటే ప్రతి చేతినీ చూస్తూ కూర్చున్నాను. అంత శ్రద్ధగా నేను చర్చిలో ఎన్నడూ కూర్చోలేదు.

చిన్నమ్మలు మామ్మ చేతిలో మెరిసింది.

మామ్మ ఇల్లు చర్చి వెనకే. మోకాళ్ళు పట్టేసి, ఆ కాస్త దూరం రావడమే ఆవిడకి ప్రయాణం. చదువు రాదు. ఏటా తన వాగ్దానం నాతోనే చదివించుకుంటుంది. ఆరాధన అయ్యాక కర్ర టకటకలాడిస్తూ నా దగ్గరికే వచ్చింది.

"ఏటి రాసుందో సెప్పమ్మా దీనా. ఈ ఏడు బొమ్మలెట్టేరు. దేవదూతేటి? రెక్కల్లేవు గానీ ఎగిరిపోతన్నాడు."

పొరపాటున పడిందని చెప్పబోయాను. మాట మార్చాను. దీని బదులు నాకొచ్చింది తీసుకోమన్నాను. మంచి వాక్యం, ఆరోగ్యం గురించి. మామ్మ నాకేసి జాలిగా చూసింది.

"నీ సేతికొచ్చింది నీది, నా సేతికొచ్చింది నాది. అంత సదువు సదివేవు, ఆమాత్రం తెలీదా?"

కార్డు వెనక్కి తిప్పాను. పొడవు, బరువు, వేసిన పాయింట్లు. అన్నిటికంటే కింద, నాకు కంఠతా వచ్చిన లైను. చర్చిలో అబద్ధం ఆడకూడదు కాబట్టి అదే చదివాను.

"ఆడ్డం మానేసినోడు మళ్ళీ వచ్చి ఆడేడని రాసుంది మామ్మా."

మామ్మ కార్డుని కళ్ళకద్దుకుంది. బస్సు మెట్లెక్కలేక, మాడుగులలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళడం మానేసిందట. "అయితే నానూ ఎల్తాను," అంది.

నేను ఓడిపోలేదు. ఆ పై వారం శుక్రవారం గృహప్రార్థన మామ్మ ఇంట్లో పెట్టించాను. ఎగిరే దేవదూత బొమ్మతో పెద్ద వాక్యం ఒకటి కొని, లామినేషన్ చేయించి, దాన్ని చూపించి నాది తెచ్చుకుందామని ఎత్తు. వెళ్ళేసరికి కార్డు గోడ మీద ఉంది. అన్నం మెతుకులు మెదిపి, వెనకంతా పూసి అంటించింది. పీకితే ఆ లైను గోడకే ఉండిపోతుంది.

నా దేవదూతని సంచిలోనే ఉంచాను. మామ్మ కర్ర ఒక మూల ఉంది. గోడ పట్టుకుని గుమ్మం దాకా నడుస్తోంది. మాడుగుల బస్సుకి ప్రాక్టీసట.

అందరూ వెళ్ళిపోయాక కూడా నేను గోడ దగ్గరే నిలబడ్డాను.

"ఆడు నీకు తెలుసేటి?" అంది మామ్మ.

కార్డు నాదని చెప్పలేదు. నేనూ ఆ ఆట ఆడేదాన్నని, మేరీ బంతి విసిరితే చూడకుండానే అందుకునేదాన్నని చెప్పాను. పెళ్ళయ్యాక ఆ మాటలు ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్ళు లేరు.

"ఎగిరేదానివా?"

"ఎగిరేదాన్ని."

"ఏదీ, ఆ జాంకాయందుకో."

వాకిట్లో జామచెట్టు దగ్గర ఎవరూ లేరు. చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు దోపి, పరిగెత్తి ఎగిరాను. మోకాళ్ళకి అంతా జ్ఞాపకం ఉంది. చీరకే ఏమీ తెలియదు. కాయ జానెడు పైన ఉండిపోయింది. కిందికి దిగాక గుండె, సెలక్షన్ల రోజున కొట్టుకోవలసినట్టు, అప్పుడు కొట్టుకుంది.

మామ్మ నవ్వలేదు. కాయకేసి చూసింది, తన మోకాళ్ళకేసి చూసుకుంది.

"వచ్చే శుక్రోరం సీర కట్టుకు రాకు," అంది.